టీ కణం ఎలా చంపుతుంది: పార్ట్ సి కోసం నేను చదివిన తీరు

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకి ప్రిపేర్ అవుతూ, ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) రాగానే పేజీలు తిప్పేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పార్ట్ సిలో 75 ప్రశ్నలిస్తారు, 25 రాస్తే చాలు. ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు పోతుంది. కాబట్టి అన్నీ పైపైన చదవడం కంటే కొన్ని టాపిక్‌లు లోతుగా పట్టుకోవడం మేలు. వాటిలో సీడీ8 టీ కణాలు, అంటే వైరస్ సోకిన కణాల్ని వెతికి చంపే తెల్ల రక్తకణాలు, తప్పకుండా ఉండాలంటాను.

నేను పాటించిన పద్ధతి ఒక్కటే. ప్రతి దశ దగ్గరా ఆగి, "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని అడిగి, జవాబు పక్కన రాసుకోవడం. పాత పేపర్లు చూడండి, ప్రశ్నలు చాలావరకు ఇలాగే అడుగుతారు.

మొదటి దశ గుర్తుపట్టడం. కణం తన లోపల తయారైన ప్రోటీన్ల చిన్న ముక్కల్ని, సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాలున్నవాటిని, ఎంహెచ్‌సీ క్లాస్ 1 అనే, తన పైపొర మీదుండే అణువు మీద పెట్టి బయటికి చూపిస్తుంది. లోపల వైరస్ ఉంటే దాని ముక్కలూ అక్కడికే వస్తాయి. టీ కణం ఆ ముక్కనీ ఎంహెచ్‌సీనీ కలిపే గుర్తుపడుతుందని జింకర్‌నాగెల్, డోహర్టీ కాన్‌బెర్రాలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో 1974లో చూపించారు. 1996లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. వైరస్ అదే అయినా ఎంహెచ్‌సీ వేరైతే చంపదు. ఇది మాత్రం బాగా గుర్తుంచుకోండి.

గుర్తుపట్టాక టీ కణంలోని సెంట్రోసోమ్ (కణం లోపలి రవాణా దారులకి కేంద్రం) తాను చంపబోయే లక్ష్యకణం వైపు జరుగుతుంది, దాని వెంట విషం నింపిన చిన్న సంచుల్లాంటి రేణువులూ అటే చేరతాయి. ఆ విషంలో ముఖ్యమైనవి కణపు పొరకి రంధ్రాలు చేసే పర్ఫోరిన్, ఆ రంధ్రాల సాయంతో లోపలికి వెళ్ళి ప్రోటీన్లని కోసే గ్రాంజైమ్‌లు.

విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో నాతో కలిసి చదివిన ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) జూనియర్ ఒకసారి అడిగింది: "అక్కా, పర్ఫోరిన్ రంధ్రాలు చేస్తే కణం అక్కడికక్కడే పగిలిపోవాలి కదా, మళ్ళీ గ్రాంజైమ్ ఎందుకు?" చాలా మంచి ప్రశ్న. రంధ్రం పడగానే కాల్షియం లోపలికి వస్తుంది. ఆ సంకేతంతోనే కణం తన పొరను బాగుచేసుకోవడం మొదలుపెడుతుంది, రంధ్రాలు త్వరగానే పూడిపోతాయి. కానీ ఆ కాస్త వ్యవధిలోనే గ్రాంజైమ్ బి లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది. అది కాస్పేజ్‌ల (కణాన్ని లోపలినుంచే చంపే ఎంజైమ్‌ల) లాగే ప్రోటీన్లని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం తర్వాత కోస్తుంది కాబట్టి కాస్పేజ్-3ని నేరుగా మేల్కొలపగలదు. బిడ్ అనే ప్రోటీన్‌ని కోసి మైటోకాండ్రియా దారిలోనూ పని కానిస్తుంది. చివరికి కాస్పేజ్‌లు ఐసీఏడీ అనే నిరోధక ప్రోటీన్‌ని కోస్తే, దాని అదుపులో ఉన్న డీఎన్‌ఏ కోసే ఎంజైమ్ విడుదలవుతుంది. ఆ డీఎన్‌ఏని జెల్ మీద నడిపితే సుమారు 180 బేస్ జతల మెట్లు కనిపించేది అందుకే. కణం పగిలిపోకుండా ముడుచుకుని చనిపోవడంలో పెద్ద లాభముంది: లోపలి సరుకు బయటికి చిమ్మదు, చుట్టూ వాపు రాదు.

రెండో దారి ఫాస్ లైగాండ్: టీ కణం మీదుండే ఈ ప్రోటీన్ లక్ష్యకణం మీదున్న ఫాస్ అనే గ్రాహకానికి అంటుకుంటుంది. ఫాస్, ఎఫ్‌ఏడీడీ, కాస్పేజ్-8, ఈ వరుస తెలిస్తే సరిపోతుంది. రెండు దారులనీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. కాల్షియంని పట్టేసే ఈజీటీఏ అనే రసాయనం వేసి బయటి కాల్షియం తీసేస్తే పర్ఫోరిన్ దారి ఆగిపోతుంది, ఫాస్ దారి నడవగలదు. పర్ఫోరిన్ లేని టీ కణాలనీ, ఫాస్ లేని లక్ష్యకణాలనీ కలిపితే చంపడం దాదాపు ఉండదు. మనుషుల్లో పర్ఫోరిన్ జన్యువు దెబ్బతింటే పసిపిల్లల్లో ప్రాణాంతకమైన హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్ అనే జబ్బు వస్తుందని 1999లో తేలింది. చంపాల్సిన కణం చావకపోతే టీ కణం వదలకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది, వాటి వల్లే ఒళ్ళంతా వాపు ప్రక్రియ చెలరేగుతుంది. ఈ ఒక్క జబ్బు అర్థమైతే టాపిక్ సగం అర్థమైనట్టే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం వేరే ఉంది. అంత దగ్గరగా విషం చిమ్మే టీ కణం తాను ఎందుకు చావదు? చదువు ముగించి బీచ్ రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా మేమిద్దరం దీని గురించే మాట్లాడుకునేవాళ్ళం. రేణువు లోపలి ఆమ్లతలో పర్ఫోరిన్ పనిచేయదు, అది ఒక రక్షణ. వదిలిన తర్వాత, టీ కణపు పొరలో కొవ్వు అణువులు బాగా బిగువుగా అమరి ఉండటంతో పర్ఫోరిన్ సరిగా అంటుకోదు. ఒకవేళ అంటుకున్నా, పొర బయటివైపున్న ఫాస్ఫటిడైల్‌సెరిన్ అనే కొవ్వు అణువు దాన్ని పట్టి నిర్వీర్యం చేస్తుంది. అందుకే ఒక టీ కణం ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో కణాల్ని చంపగలుగుతుంది.

లెక్కల భయం ఉన్నవాళ్ళు కూడా క్రోమియం-51 విడుదల పరీక్షను వదలొద్దు. లక్ష్యకణాల్లో రేడియోధార్మిక క్రోమియం నింపి, చనిపోయినప్పుడు ఎంత బయటికొచ్చిందో కొలుస్తారు. టీ కణాలు లేని గొట్టంలో దానంతటదే 1,000 కౌంట్లు, డిటర్జెంట్ వేసిన గొట్టంలో గరిష్ఠంగా 5,000, టీ కణాలున్న గొట్టంలో 3,000 వచ్చాయనుకోండి. దానంతటదే వచ్చిన 1,000ని భిన్నంలో పైనా (3,000 నుంచి) కిందా (5,000 నుంచి) రెండు చోట్లా తీసేయాలి: 2,000ని 4,000తో భాగిస్తే 50 శాతం. కింద తీయకపోతే 40 వస్తుంది, ఆప్షన్లలో ఆ 40 కూడా ఉండే అవకాశం ఎక్కువ.