బారువ ఒడ్డు నుంచి మహేంద్రగిరి కొన దాకా కాలినడకన

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న బారువ పక్కనే ఒక పల్లె. చలికాలం పొద్దున్న మంచు విడిపోయాక మా పెరట్లో నిలబడితే పడమటేపు నీలంగా ఒక కొండ కనబడుతుంది. మా నానమ్మ బావిలో నీళ్ళు తోడుతూ తోడుతూ ఆగి దానికేసి ఓ దణ్ణం పెట్టుకునేది. అది మహేంద్రగిరిరా, పరశురాముడు తపస్సు చేసుకున్న కొండ అనేది. మా ఊరి దగ్గర సముద్రంలో కలిసే ఏరు పేరు మహేంద్రతనయ. తనయ అంటే కూతురు అని ఆరో క్లాసులో తెలుగు మాస్టారు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, అంటే మనం ఈతకొట్టే ఈ నీళ్ళు ఆ కొండ కూతురా అని. అప్పట్నుంచీ మనసులో ఒకటే, ఈ కూతురు కలిసే చోటు నుంచి ఆ తండ్రి దగ్గరికి నడిచి వెళ్ళాలి. బస్సులో కాదు, బండి మీద కాదు, నడిచే.

ఇన్నేళ్ళకి మొన్న డిసెంబర్లో కుదిరింది. నేనూ, మా బావా. నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నాం. కాకి ఎగిరినట్టు తిన్నగా చూస్తే బారువ ఒడ్డు నుంచి కొండ కొనకి పాతిక కిలోమీటర్లే, కానీ దారి పట్టుకుని నడిస్తే మా ఫోన్లో చివరికి 45 చూపించింది, అదీ ఎక్కడానికి మాత్రమే. కొండ ఎత్తు 1,501 మీటర్లు. మేం బయల్దేరింది సున్నా నుంచి కాబట్టి ఆ 1,501 మీటర్లలో ఒక్కటి కూడా ఎవరూ మాకు ఊరికే ఇవ్వలేదు, అన్నీ మా కాళ్ళతోనే ఎక్కాం. బయల్దేరేముందు కెరటం దగ్గర కాళ్ళు తడుపుకున్నాం, బావ ఒక చిన్న సీసాలో సముద్రం నీళ్ళు పట్టాడు, ఎందుకు బావా అంటే పైన చెప్తాను పద అన్నాడు.

మొదటి రోజు మందస దాకా. అదంతా ఉద్దానం, కొబ్బరి, జీడి, పనస. పొద్దెక్కాకే కదిలాం, ఎందుకంటే జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషులు పోయిన సంఘటనలు కూడా ఉన్నాయి, తెల్లారుజామున ఆ తోటల్లో ఒంటరిగా నడవొద్దని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజున ఈ తోటలన్నీ ఒక్క పూటలో నేలకూలాయి. ఇప్పుడు మళ్ళీ కొబ్బరి లేచింది గానీ వయసు చూస్తే తెలిసిపోతుంది, ఒక వరసలో ఒక్క ముసలి చెట్టు, దాని చుట్టూ అన్నీ కుర్ర చెట్లు. కారులో ఈ రోడ్డు మీద వందసార్లు వెళ్ళుంటాను, ఇది ఎప్పుడూ కళ్ళబడలేదు. నడిస్తేనే కనబడింది. హైవే, రైలు పట్టాలు దాటి మందస చేరేసరికి సాయంత్రమైంది, వాసుదేవ పెరుమాళ్ గుడిలో దణ్ణం పెట్టుకుని, కోవా కొనుక్కుని, బావ వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాం. మందస కోవా గురించి ఎక్కువ చెప్పను, తిన్నవాళ్ళకి తెలుసు.

రెండో రోజు కొండ కింద సవర గిరిజనుల ఊరికి. పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో, మధ్యాహ్నానికే చేరిపోయాం. అక్కడ మాకు దారి చూపించడానికి ఒక తాత ఒప్పుకున్నాడు. వయసెంత తాతా అంటే తెల్దు బాబూ అన్నాడు, మనవలకి పెళ్ళిళ్ళయిపోయాయట. రాత్రి వాళ్ళింట్లో చోడంబలి, అదే రాగి అంబలి, పోశారు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. ఆ ఇంట్లో పిల్లలు సవరలో మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు, సిగ్గనిపించింది. ఎందుకంటే ఇదే జిల్లాలో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఈ కొండల్లో తిరిగి సవర భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించారు. ఈ అడవుల్లో మలేరియాకి క్వినైన్ మింగీ మింగీ ఆయనకి చెవులు వినపడకుండా పోయాయని చెప్తారు. ఒక భాష వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషి. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, మంచిదే, కానీ ఆ రోజు స్టేజీల మీద సవర మాట ఒక్కటి కూడా వినపడదు, అది నాకు బాధే.

మూడో రోజు అసలు నడక. ఆ ఊరు నుంచి కొనకి 14 కిలోమీటర్లు, ఎత్తు దాదాపు 1,300 మీటర్లు ఎక్కాలి. నేను ముందే ఇంట్లో లెక్క వేసుకున్నాను. స్కాట్లండ్‌లో కొండలెక్కే నైస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఒకటుంది, అక్కడి హైలాండ్స్‌లో నడిచేవాళ్ళు ఇప్పటికీ అదే వాడతారు, 5 కిలోమీటర్లకి గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆ లెక్కన మాకు ఐదు గంటలు పట్టాలి. పట్టింది ఎనిమిదిన్నర. లెక్క తప్పు కాదు, అది చెట్టూ పొదా లేని, కనుచూపుమేర దారి కనబడే కొండలకి. మనవి తూర్పు కనుమలు, ఇక్కడ ఈతపొదలు, నడుముదాకా కొండచీపురు గడ్డి, తీగలు. కాబట్టి మన కొండలకి వచ్చేవాళ్ళు ఆ గంటలకి సగం మళ్ళీ కలుపుకోండి, అప్పుడే పొద్దుగుంకకముందు చేరతారు.

తాత నడక గురించి చెప్పాలి. ఆయన కాలికి మామూలు రబ్బరు చెప్పులు, భుజాన కత్తి, ఒక గుడ్డ సంచి. అడుగులు చాలా చిన్నవి, పాదం మొత్తం ఒకేసారి నేలకి ఆనుతుంది, మునివేళ్ళ మీద ఎక్కడు. మొదట్లో మాకంటే మెల్లగా ఉన్నాడనిపించింది. కానీ ఆగడు. మేం గబగబా ఎక్కి పావుగంటకోసారి రాయి మీద కూలబడి రొప్పుతుంటే ఆయన అదే వేగంతో మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయేవాడు. రెండో గంట నుంచి ఆయన పాదాలే చూస్తూ అలాగే వేయడం మొదలెట్టాను, పాదం పూర్తిగా ఆనించి, చిన్నగా, మాట్లాడుతూ కూడా నడవగలిగేంత మెల్లగా. పిక్కల నొప్పి తగ్గింది. నేను ఇన్నేళ్ళలో చూసిన వీడియోలన్నీ కలిపి నేర్పనిది అది.

ఒకచోట దారి తప్పాం. తాత వెనకాల ఏదో వేరు తవ్వుకుంటుంటే దారి బాగానే ఉంది కదా అని నేనూ బావా ముందుకి పోయాం. అరగంట పోయేసరికి దారి రెండయింది, ఆ రెండు నాలుగయ్యాయి, కొమ్మలు మొహానికి కొడుతున్నాయి, వంగి వంగి నడుస్తున్నాం. ఫోన్లో సిగ్నల్ లేదు, చేతిలో నీళ్ళ సీసా సగం. కేకేస్తే చాలాసేపటికి కింద నుంచి తాత గొంతు వినపడింది, అక్కడే ఉండండి బాబూ కదలొద్దు అని. వచ్చాక తిట్టలేదు. కత్తితో చూపించాడు. "ఇది ఆవుల దారి బాబూ. ఆవుకి నడుము దాకా ఖాళీ ఉంటే చాలు, పైన కొమ్మలు కలిసిపోతాయి. మనిషి నడిచిందయితే తలకి పైదాకా నరికుంటాది." వెనక్కెళ్ళి అసలు దారి చూస్తే నిజమే, మన తలకి ఒక జానెడు పైన పాత కత్తి గాట్లు, నల్లబడిపోయి, కొన్ని మానిపోయి బెరడు కమ్మేసిన గాట్లు. ఎవరు ఎప్పుడు నరికారో. ఆ గాట్లు చూసుకుంటూ పోవడమే దారి.

కానీ ఆ గాట్లలో కొత్తవి చాలా తక్కువ. తాతని అడిగితే చెప్పాడు, ముందు శివరాత్రికి మందస వైపు నుంచి జనం వరసకట్టి ఎక్కేవారట, రాత్రంతా దివిటీలు కనబడేవట, ఎవరికి వాళ్ళు ఒక కొమ్మ నరుక్కుంటూ పోతే దారి దానంతటదే శుభ్రంగా ఉండేదట. ఇప్పుడు ఒడిశా వైపు నుంచి పైదాకా కారు రోడ్డుంది, జనం అటు వెళ్ళి గంటలో దర్శనం చేసుకుని దిగిపోతున్నారు. ముసలివాళ్ళకి, నడవలేనివాళ్ళకి ఆ రోడ్డు మంచిదే, మా అమ్మని నేను అటే తీసుకెళ్ళాను. కానీ కాళ్ళున్న మనం కూడా అటే పోతే ఇటు దారి నాలుగైదు వానాకాలాల్లో పోతుంది. ఒకచోట తిత్లీకి పడిన పెద్ద చెట్టు ఇప్పటికీ దారికి అడ్డంగానే ఉంది, ఇన్నేళ్ళయినా పక్కనుంచి కొత్త దారి పడలేదంటే ఎంతమంది నడుస్తున్నారో మీరే చూసుకోండి. నాకు ఆ చెట్టు దగ్గర గుండె బరువెక్కింది.

దారి చీలిన ప్రతిచోటా తాత ఒక కొమ్మ విరిచి, మనం వెళ్ళకూడని దారికి అడ్డంగా పడేసేవాడు. మేం ముగ్గురమే కదా తాతా, అందరం కలిసే వెళ్తున్నాం కదా, ఎవరికి అంటే, వెనకాల ఎవరైనా వస్తారు కదా బాబూ అన్నాడు. ఆ రోజు మా వెనకాల ఎవరూ రాలేదు.

వెయ్యి మీటర్లు దాటాక గాలి మారింది. ఆ ఎత్తుకి కింద కంటే ఆరేడు డిగ్రీలు తక్కువ ఉంటుంది, చెమటకి తడిసిన చొక్కా వీపుకి ఐసులా అంటుకుంది, వెంటనే పొడి చొక్కా మార్చుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. పొదలు తగ్గి పచ్చిక వచ్చింది, ఒక గెడ్డ, అంటే కొండవాగు, దగ్గర నీళ్ళు నింపుకున్నాం. తాత ఈ నీళ్ళే కిందకెళ్తాయన్నాడు. బావ అక్కడ ఆ సముద్రం నీళ్ళ సీసా తీసి కొంచెం గెడ్డలో పోశాడు. కూతుర్ని పుట్టింటికి తెచ్చాను అన్నాడు. నాకు మాట రాలేదు, కళ్ళు తుడుచుకున్నాను.

పైన గుళ్ళు. కుంతి గుడిలో గోకర్ణేశ్వరుడు ఉన్నాడు, మన ముఖలింగం దగ్గర కళింగనగరంలో ఉండి పాలించిన గంగరాజులు ఈ స్వామినే కులదైవంగా కొలిచారు, వాళ్ళ శాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి పాదాలకి మొక్కుకున్నట్టు మళ్ళీ మళ్ళీ ఉంటుంది. ధర్మరాజు గుడి ఉంది. పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుడి సైన్యం ఇంతదూరం వచ్చి ఇక్కడ శాసనం చెక్కించుకుంది, చోళుల పులి, పక్కన రెండు చేపలు. కానీ నా మనసు పట్టింది భీముడి గుడి. అన్నిటికంటే పైన, చిన్నది, ఏనుగంత రాళ్ళు కొన్ని ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. చెయ్యి ఆనిస్తే రాయి పొద్దుటి ఎండకి ఇంకా వెచ్చగా ఉంది. ఈ కొండవరసని ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. సంతోషమే. కానీ గుడి పక్కన ప్లాస్టిక్ సీసాలు, ప్రసాదం కవర్లు నేనూ బావా ఏరితే రెండు సంచులు నిండాయి. దయచేసి తెచ్చుకున్నది తిరిగి పట్టుకెళ్ళండి.

రాత్రి అక్కడే పడుకున్నాం, నిద్రపట్టలేదు చలికి. లేచి తూర్పుకి కూచున్నాను. కింద సోంపేట దీపాలు, పలాస దీపాలు, హైవే మీద లారీలు చీమల బారులా, ఆపైన ఒక్కసారిగా నలుపు, అదే సముద్రం. ఆ నలుపు అంచున ఒక దీపం వెలిగి ఆరుతోంది. బారువ లైట్‌హౌసే అని నేను, కాదు పడవేదో అని బావ. మా పెరడు అక్కడే ఎక్కడో ఉంది. నానమ్మ నిలబడి దణ్ణం పెట్టే చోటు. నేను ఇటునుంచి అటు దణ్ణం పెట్టాను.

నాలుగో రోజు దిగడం. ఎక్కడం కంటే దిగడమే కష్టం, మోకాళ్ళు తెలిసిపోతాయి. నా బూట్లు ఒక సైజు వదులు, దిగుడులో వేళ్ళు ముందుకి గుద్దుకుని గుద్దుకుని రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడిపోయాయి, ఇది రాసే రోజుకి ఒకటి ఊడిపోయింది కూడా. దిగేముందు లేసు చీలమండ దగ్గర గట్టిగా బిగించుకోండి, గోళ్ళు కత్తిరించుకోండి. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, మేం రెండే తెచ్చాం, చాలలేదు. ఊళ్ళో ఒక మనిషిని తోడు తీసుకుని ఆయన రోజు కూలి కంటే ఎక్కువే ఇవ్వండి. ఫారెస్టు వాళ్ళకి చెప్పి వెళ్ళండి.

దిగేటప్పుడు తాత అడ్డంగా పడేసిన కొమ్మలు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి, అప్పటికే ఆకులు వాడిపోయాయి. ఒకటి గాలికి పక్కకి జరిగిపోతే ఆయన ఆగి మళ్ళీ సరిగ్గా పెట్టాడు.

ఈ శివరాత్రికి పది రోజుల ముందు ఒక ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం, ఆ పడిపోయిన చెట్టు దాకా. దారి నరకడానికే. బావ, ఇంకో నలుగురు వస్తామన్నారు, తాతకి కూడా చెప్పాం, మనవడిని తెస్తానన్నాడు. మందసలో పొద్దున్న ఐదున్నరకి కలుద్దాం. వచ్చేవాళ్ళు కత్తి, చేతులకి గుడ్డ తెచ్చుకోండి, అంబలి మేం తెస్తాం.