బొబ్బిలి వీణ పనివారితో ధర లెక్క, నమూనా, ఆర్డరు: నా అనుభవం

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఉలి పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకే పనస దుంగలో కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) తొలిచే ఏకాండి వీణ అక్కడ తరాల విద్య. మార్గదర్శిగా నేను చేసేది పక్కన కూర్చుని లెక్క రాయించడం, నమూనా దగ్గర ప్రశ్నలు వెయ్యడం.

ముందు మూడు వస్తువులు తెమ్మంటాను: బాగా అమ్ముడయ్యేది, చేసినవాడికి ఇష్టమైనది, ఇంట్లో మూల పడిపోయినది. అసలు సంగతులు మూడోదాని దగ్గరే బయటికొస్తాయి. బహుమతిగా ఇచ్చే అలంకార వీణ మూలపడితే పనితనం తక్కువని అనుకుంటారు. చాలాసార్లు అది సంచిలో పట్టదు, అంతే.

తర్వాత నోటుపుస్తకం. ఒక వీణ పూర్తయ్యేదాకా ఏ పనికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయాలి. గరుకు కాగితం పట్టడం, పాలిష్ రుద్దడం ఇంట్లో ఆడవాళ్ళు చేస్తారు గనక అది పుస్తకంలోకే రాదు. "ఇంటోళ్ళ పనికి కూడా లెక్కేటండి?" అంటారు. బయటి మనిషిని పెడితే కూలి ఇస్తారు కదా, రాయండి అంటాను.

ఒక అలంకార వీణకి చెక్క, ఇత్తడి, పాలిష్, పెట్టె కలిపి 300 రూపాయలు, పని 11 గంటలు అనుకుందాం. 8 గంటల రోజుకి 600 చొప్పున గంటకి 75, కూలి 825. ఉలి సాన, కరెంటు, పాడైన చెక్క కింద పదో వంతు వేస్తే దాదాపు 1,237. షాపువాళ్ళు 900కి అడిగితే 600 మిగిలిందనిపిస్తుంది. గంటకి 55 కూడా పడలేదన్నది పుస్తకం చూస్తేనే తెలుస్తుంది.

వెంటనే ధర పెంచమనను. గంటలు ఎక్కడ పోతున్నాయో చూస్తాం. వీణ మెడ చివర ఉండే యాళి (సింహం లాంటి పురాణ జంతువు) తలని ప్రతిసారీ కొత్తగా గీస్తే సమయమంతా అక్కడే. ప్లైవుడ్ ముక్కని మూసగా కోసుకుని, పది తలలు ఒకేసారి గీసి, ఒకేసారి కోసి, అప్పుడు ఉలి పట్టాలి. కళ్ళు, కోరలు మాత్రం చేతికే వదలాలి. అక్కడా మూస పెడితే మెషిన్ బొమ్మే.

నమూనా మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలి. పొడవు, రంగు, పెట్టె మూడూ మారిస్తే కొన్నవాళ్ళకి ఏది నచ్చిందో తెలియదు.

వాయించే చిన్న వీణ అడిగితే ఒప్పుకునే ముందు మెట్ల (తీగని వేలితో నొక్కే అడ్డ పట్టీల) లెక్క చూడాలి. మేరువు (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి గుర్రం (కుండ మీద తీగలు ఆనే దిమ్మ) దాకా తీగ 80 సెం.మీ. అయితే, మేరువు నుంచి కొలిస్తే 12వ మెట్టు 40 దగ్గర, 24వది 60 దగ్గర పడతాయి. మిగిలిన తీగ పొడవుని 1.0595తో భాగించుకుంటూ పోతే తక్కినవన్నీ వస్తాయి. 23, 24 మెట్ల మధ్య 12 మి.మీ. ఉంటుంది. తీగ 40కి కుదిస్తే అది 6 మి.మీ.; వేలికి చోటే లేదు. అదే 12 మెట్లతో ఒక్క స్థాయికి (స నుంచి పై స దాకా) ఆపితే చివరి ఎడం మళ్ళీ 12 మి.మీ. వస్తుంది. కాబట్టి పిల్లలు సరళి (తొలి స్వర పాఠాలు) మొదలుపెట్టే వీణ అని చెప్పి అమ్మొచ్చు. కచేరీ వీణ అని మాత్రం చెప్పకూడదు. ఈ కొలతలు గీతల వరకే. మెట్లని నిలబెట్టే మైనం మెత్తగా ఉండగా మెట్టు అటూ ఇటూ జరిపి స్థానం తేల్చేది చెవే.

చెక్క సంగతి. దుంగ చివర్ల నుంచి తేమ త్వరగా పోతుంది, చీలిక అక్కడే మొదలవుతుంది. చివర్లకి మైనం పూస్తే నెమ్మదిస్తుంది. వారం వారం తూకం రాసి, వరసగా రెండు మూడుసార్లు ఒకటే వచ్చాకే చివరి చెక్కుడు. తొందరపెట్టే ఆర్డరుకి గడువు ఒప్పుకునే ముందు ఈ తూకాల పుస్తకం తెరవమంటాను.

చేతివృత్తులవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డు, లేకపోతే ముందు దానికి దరఖాస్తు పెట్టించాలి, ప్రభుత్వ మేళాల్లో స్టాలు అడిగినప్పుడు పనికొస్తుంది. ఆర్డరుకి సగం అడ్వాన్సు, ఒప్పుకున్న నమూనా ఫొటో వెనక కొన్నవాళ్ళ సంతకం. అడ్వాన్సు అడగడానికి మొహమాటపడేవాళ్ళకి అది చెక్క డబ్బే అనమంటాను.

పంపేటప్పుడు తీగలు వదులు చేసి, గుర్రం తీసి గుడ్డలో విడిగా చుట్టాలి. ఎండకి మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి కనక పెట్టె మీద ఎండలో ఉంచవద్దని రాసి, వేసవిలో వీలైతే రాత్రి బస్సుకి వెయ్యాలి.