పాజ్ నొక్కిన ఆదివారం

ఆదివారం, రాత్రి పది దాటింది.

ఉదయం ఫోను తెరవగానే ‘కాలం అనేదే లేదు’ అంటూ ఒక వీడియో ఎదురైంది. పద్దెనిమిది నిమిషాలు చూశాను. గెలాక్సీలు గిరగిర తిరిగాయి, వెనుక వాద్యాలు మోగాయి, గంభీరమైన గొంతొకటి ఐన్‌స్టీన్ పేరును పదేపదే తలచుకుంది. అయిపోయాక ఏం తెలుసుకున్నానో కాగితం మీద రాద్దామంటే ఒక్క వాక్యం రాలేదు. కాలం ఉందో లేదో గాని, నాది మాత్రం పోయింది. పక్కన వరుసగా పేర్చిన మిగతా వీడియోలన్నీ దానికి కవల పిల్లలే.

ఆ చిరాకులో వెతుకుతూ పోయి 1960 నాటి నలుపు తెలుపు చిత్రం ‘ఫ్రేమ్స్ ఆఫ్ రిఫరెన్స్’ దగ్గర ఆగాను. ఒకే కదలిక ఎక్కడి నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో చెప్పే భౌతికశాస్త్ర పాఠం. చెప్పేది టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యులు హ్యూమ్, ఐవీ. తెర మీద ఒకరు మామూలుగా ఉంటే రెండోవారు తలకిందులుగా ఉంటారు. తలకిందులుగా ఉన్నది నువ్వంటే నువ్వని కాసేపు వాదులాడుకుని, నాణెం ఎగరేసి తేల్చుకుంటారు. ఆ తరువాత కదిలే బండి మీద నుంచి ఒక బంతిని జారవిడుస్తారు. బండితో పాటు పోయే కెమెరాలో అది నిట్టనిలువుగా పడుతుంది. నేల మీద నిలిపిన కెమెరాలో అదే బంతి పరావలయం గీస్తూ పడుతుంది. ఇదంతా బడిలో చదివిందే, మార్కులు కూడా తెచ్చిపెట్టిందే కనుక ధీమాగానే చూస్తున్నాను.

తిరిగే బల్ల దగ్గర నా ధీమా సడలింది. ఘర్షణ లేకుండా జారే బిళ్ల తిన్నగా పోతోంది. బల్లతో పాటు తిరిగే కెమెరాకు మాత్రం వంకరగా పోతోంది, ఎవరో పక్క నుంచి నెడుతున్నట్టు. నెట్టేవారు ఎవరూ లేరు. పాజ్ నొక్కాను. ‘మిథ్యాబలం’ అనే మాటను ఇన్నేళ్ళుగా మోసుకు తిరుగుతున్నాను గాని దాన్ని చూసింది ఈ రోజే. నమ్మకం కుదరక అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి, నడుమ గుండుసూది గుచ్చి, ఒక చేత్తో తిప్పుతూ, కదలకుండా పెట్టిన స్కేలు వెంట రెండో చేత్తో పెన్సిలు లాగాను. గీత వంపు తిరిగింది. ఇంకా వేగంగా తిప్పితే ఇంకా వంపు. మూడు అట్టలు పాడయ్యాయి.

మధ్యాహ్నం ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాసు ఆచార్యులు వి. బాలకృష్ణన్ క్వాంటం భౌతికశాస్త్ర ఉపన్యాసం పెట్టాను. బోర్డు, సుద్దముక్క, ఆయన, అంతే. తొందర కొద్దీ వేగం ఒకటిన్నర రెట్లు చేశాను. ఆ వేగంలో ఎవరు మాట్లాడినా మనకు అర్థమవుతున్నట్టే ఉంటుంది, అదొక మాయ. రెండు ఆపరేటర్ల, అంటే ప్రమేయం మీద చేసే రెండు గణిత క్రియల, వరుస మారిస్తే ఫలితం మారుతుందన్న చోట ఆ మాయ వీడింది. వెనక్కి జరిపి, మామూలు వేగానికి దిగి, పెన్సిలు పట్టుకున్నాను. స్థానం ముందు, ద్రవ్యవేగం తరువాత. మళ్ళీ తారుమారు చేసి. అవకలనం చేసేటప్పుడు ఒక పదం అదనంగా మిగలాలి. నాకు మిగలదే! తప్పు నాదేనని తేలడానికి గంట పట్టింది; రెండు ప్రమేయాల లబ్ధాన్ని అవకలనం చేసే సూత్రాన్ని సగమే వాడాను.

సాయంత్రం భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ 1964లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఏడు ఉపన్యాసాల్లో మొదటిది చూశాను. విషయం గురుత్వాకర్షణ. ఒక్కసారీ పాజ్ నొక్కలేదు. ఆయన చెబుతుంటే ఆపాలనిపించదు, అందుకే కాస్త అనుమానం కూడా. అయినా బృహస్పతి చంద్రుల సంగతి మనసులో దిగబడింది. గ్రహణాలు కొన్నాళ్ళు లెక్క కంటే ముందుగా, కొన్నాళ్ళు ఆలస్యంగా వస్తుంటే, తేడా చంద్రులది కాదు, వెలుగు మన దాకా రావడానికి పట్టే సమయానిదని 1676లోనే ఖగోళశాస్త్రవేత్త రోమర్ పట్టుకున్నాడు. చంద్రుడు ఆలస్యం చేశాడని నేనైతే చంద్రుడినే తప్పుపట్టేవాణ్ణి.

బాలకృష్ణన్ గారి ఉపన్యాసం 23వ నిమిషం దగ్గర ఆగి ఉంది. బల్ల మీద అట్టముక్కల పక్కన గుండుసూది కనబడటం లేదు. పడుకునే ముందు వెతకాలి.