ఆసిడ్‌లో ఎంతసేపు?

హైదరాబాదులోని ఒక లలితకళల కళాశాలకు అతిథులుగా వచ్చే చిత్రకారుల ప్రసంగాలకు కొన్నేళ్లుగా శ్రోతగా వెళుతున్నాను. పుష్పగుచ్ఛం, శాలువా, పరిచయం పేరిట పురస్కారాల జాబితా, కిటికీ తెరలు దించి నలభై నిమిషాల స్లైడ్లు, చివర ప్రశ్నలకు పది నిమిషాలు: వాటి వరస ఎప్పుడూ ఇదే. మొన్నటి సభ కూడా ఇలాగే మొదలైంది.

వచ్చినవారు ఎచింగ్‌లో, అంటే లోహపు పలక మీది గీతలను ఆసిడ్‌తో లోతుగా తినిపించి, వాటిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీసే పద్ధతిలో, చేయి తిరిగిన ప్రింట్‌మేకర్. జ్ఞాపకం గురించి, ఊళ్లు విడిచిపోయినవారి గురించి ఆయన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు వెనక వరుసల్లో మర్యాదగా, మౌనంగా కూర్చున్నారు. ప్రశ్నల వేళ వారిలో ఒక అమ్మాయి లేచి, రాత్రి ఆకాశం ఉన్న ఆ ప్రింటు కోసం జింకు పలకను ఆసిడ్‌లో ఎంతసేపు ఉంచారని తెలుగులో అడిగింది. సభను నడుపుతున్న అధ్యాపకులు, ఇటువంటి సాంకేతిక విషయాలు తర్వాత స్టూడియోలో మాట్లాడుకోవచ్చని సర్దిచెప్పబోయారు గాని, అతిథి మైకు వదలలేదు.

ఆ తర్వాతి పావుగంట ఆయన తెలుగులోనే మాట్లాడారు. లేత గీతలు కావలసిన చోట్లను మొదటిసారి ఆసిడ్ నుంచి తీశాక వార్నిష్‌తో మూసి, పలకను మళ్లీ ఆసిడ్‌లోకి దించి, ముదురు గీతలను ఇంకా లోతుగా తినిపించడం ఎలాగో వివరించారు. నత్రికామ్లంలో జింకు మీద బుడగలు లేస్తాయనీ, వాటిని పక్షి ఈకతో మెల్లగా తుడుస్తూ ఉండాలనీ, బుడగ నిలిచిన చోటికి ఆసిడ్ చేరదు గనుక అక్కడ సిరా పట్టదనీ చెప్పి, నవ్వుతూ ఆ స్లైడును మళ్లీ వేయించారు. అర్ధగంట క్రితం మేమందరం నక్షత్రాలనుకున్న తెల్లని చుక్కలు, ఆ రోజు ఆయన ఈకతో తుడవక వదిలేసిన బుడగలట. వాటిని దాచకుండా ఉంచేయడానికి రెండు రోజులు ఆలోచించానన్నారు. జ్ఞాపకం గురించి అంతకుముందు విన్న మాటలన్నిటికంటే ఈ ఒక్క వాక్యమే నాకు ఆయన పనిని దగ్గర చేసింది.

కళాశాలకు అతిథి ఎందుకు రావాలన్న ప్రశ్నకు శాంతినికేతన్ చరిత్రలో రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఇంగ్లండులో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ప్రసంగం విన్న రవీంద్రనాథ్ టాగోర్ ఆమెను ఆహ్వానించగా, ఆమె 1922 ప్రాంతంలో శాంతినికేతన్‌లో మధ్యయుగాల గోథిక్ శిల్పం మొదలుకొని అప్పటి కొత్త ఉద్యమమైన డాడా వరకు యూరోపు కళను ఉపన్యాసాలుగా వివరించారు. ఆ చిత్రాలను కళ్లారా చూసే అవకాశం లేని విద్యార్థులకు అది చిన్న మేలు కాదు. మరికొన్నేళ్లకు ఫ్రెంచి శిల్పి బూర్దెల్ శిష్యురాలైన మార్గరెట్ మిల్‌వర్డ్ అనే శిల్పి వచ్చి, అక్కడి యువ శిల్పి రామ్‌కింకర్ బైజ్‌కు మట్టితో మలచడం నేర్పారు. 1938లో ఆయన సిమెంటుతో, ఎర్రరాతి గులకతో నిలబెట్టిన ‘సంథాల్ కుటుంబం’ అనే శిల్పాన్ని ఆ పాఠానికి నేరుగా ముడిపెట్టలేము. అయినా ఎంచుకోమంటే నేను మిల్‌వర్డ్ రాకనే ఎంచుకుంటాను. మన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు బెంగాలు నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ కూడా ప్రసంగించి వెళ్లిపోలేదు, నిలిచి నేర్పారు. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులే. (బాపిరాజు గారిని నవలాకారులుగానే తలచుకునే మనం ఆ సంగతి తరచు మరచిపోతాము.)

ఏడాదికి పదిమంది అతిథులను పిలిచే కళాశాల అందరినీ నెలల తరబడి ఉంచుకోలేదు. శాలువాకయ్యే ఖర్చుతో ఒక్క రోజు ఎక్కువ బస ఏర్పాటు చేసి, మర్నాడు ఉదయం స్టూడియోలో అచ్చు తీసే ప్రెస్సు దగ్గరికి తీసుకువెళితే చాలు. మైకు ముందు నోరు విప్పని పిల్లలు అక్కడ తమ పలకలను ముందుకు తోస్తారు.

వారం తర్వాత ఆ అమ్మాయి కళాశాల స్టూడియోలో కనిపించింది. అతిథి చెప్పిన నిమిషాలను నోటుపుస్తకం అంచున రాసుకుని, అక్షరాలా అలాగే చేసిందట. గీతలు మాత్రం సగం కూడా దిగలేదు. తమ తొట్టెలోని ఆసిడ్ పాతబడి నీరసించిందని తెలిశాక, ఆ అంకెలను కొట్టివేసి పక్కనే తన అంకెలు రాసుకుంటోంది.