గ్రంథాలయానికి వాలుదారి

మా కాలనీ గ్రంథాలయం ముందు ర్యాంపు కట్టాలనగానే మేస్త్రి ఆరడుగుల పొడవుకు ముగ్గు పోశాడు. అది ఇళ్ల ముందు స్కూటరు ఎక్కించే వాలు. చక్రాల కుర్చీకి పనికిరాదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. మా మూడు మెట్లు కలిపి అడుగున్నర, అంటే 18 అడుగులు! నేరుగా కడితే రోడ్డు మీదికి వస్తుంది. అందుకే గోడవారగా మలుపు తిప్పి, అక్కడ కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును వదిలాం.

పైన నున్నటి టైల్స్ వేద్దామని కొందరన్నారు. వీధి చివర బట్టలు కుట్టే అక్క కుర్చీలోంచే అడ్డుపడింది: "వానకు జారితే నన్నెవరు పట్టుకుంటారు?" సిమెంటు పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డగీతలు గీశాం. చక్రం పక్కకు జారకుండా అంచుల వెంట చిన్న గట్టు కట్టి, రెండు వైపులా పైపు కమ్మీలు బిగించాం. తన చేతికి అందే ఎత్తు ఆమే చూపించింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పాత ప్రభుత్వ భవనాలకు ఐదేళ్ల గడువు పెట్టింది. అది ఎప్పుడో దాటిపోయింది. ఇంకా ఎన్ని కార్యాలయాల ముందు మెట్లే ఉన్నాయో చూస్తే నాకు కోపం ఆగదు.

వచ్చే ఆదివారం రేషన్ దుకాణం దగ్గర కొలతలు తీస్తున్నాం. రసమట్టం (మేస్త్రీలు మట్టం చూసే పరికరం) ఉన్నవాళ్లు తప్పకుండా తీసుకురండి.