ఇత్తడి చెంబు, వంకాయలు, ఆయిల్ పెయింట్

పెయింటింగ్ వర్క్‌షాప్‌లో ఇత్తడి చెంబు, వంకాయలు ఎదురుగా పెట్టి, సార్ మొదట బర్న్ట్ అంబర్‌ అనే ముదురు గోధుమ రంగులో దాన్ని పల్చన చేసే టర్పెంటైన్ కలిపి పల్చగా వెలుగునీడలు మాత్రమే వేయించారు, అది ఆరాక పై పొరల్లో లిన్సీడ్ ఆయిల్ పెంచుకుంటూ పోవాలి, ఎందుకంటే నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతుంది, దాని మీద పల్చటిది వేస్తే తర్వాత పగుళ్లొస్తాయి. లిన్సీడ్ అంటే మన అవిసె నూనే, అది ఆవిరైపోదు, గాల్లో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకే రోజులు పడుతుంది. నాకు ఈ నెమ్మదే భలే నచ్చింది.

వంకాయ నీడవైపు బాగా చూస్తే అది ఉత్త నలుపు కాదు, పక్కనున్న ఇత్తడి పసుపు అక్కడ లైట్‌గా పడుతోంది, అది కనిపించాక ఇంక కళ్లు తిప్పుకోలేకపోయా. చెంబు మీద మెరుపు చుక్క మాత్రం అన్నిటికంటే చివర్న పెట్టాలంట.

ఫ్రెంచ్ చిత్రకారుడు షార్డాన్ 1728లో అక్కడి రాయల్ చిత్రకళా అకాడమీలోకి వెళ్లింది కూడా ఇలాంటి వంటింటి బొమ్మలతోనే, ఆయన రాగి గిన్నెలు ఎంత ఓపిగ్గా చూసి వేశాడో ఇప్పుడు తెలుస్తోంది. వచ్చే వారం పొట్టు ఊడుతున్న ఉల్లిపాయలు తెమ్మన్నారు.