మాత్ర మింగకుండా షుగర్ పడిపోయిందంటే నమ్మరు

నాకు షుగర్ ఉందని తెలిసి రెండేళ్లయింది. ఇంతవరకు ఒక్క మాత్ర మింగలేదు. అన్నం సగానికి తగ్గించి, రోజూ సాయంత్రం కాలనీ పార్కు చుట్టూ తిరిగి, హెచ్‌బీఏ1సీని, అంటే మూడు నెలల షుగర్ సగటును చెప్పే రక్తపరీక్ష అంకెను, 7.9 నుంచి 6.1కి దించాను. చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. మా ఆయన పదేళ్లుగా మాత్రలు వేసుకుంటూ కూడా 8 దిగలేదు.

అలాంటి నాకు సుల్తాన్ బజార్‌లో జాకెట్టు గుడ్డలు బేరం చేస్తుండగా ఒళ్లంతా చెమటలు పట్టాయి. వేళ్లు వణికాయి. నోట్లు లెక్కపెట్టబోతే మూడు దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటికొచ్చాను. కొట్టు అబ్బాయి పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. వద్దనే ఓపిక లేక చక్కెరతోనే తాగేశాను. పది నిమిషాల్లో మనిషినయ్యాను. ఎండదెబ్బ అనుకున్నాను. వారం తర్వాత ఆఫీసులో అదే తంతు. మూడోసారి ఇంట్లో. మా ఆయన మీటరుతో చూసుకుంటే 58. 70 దిగితేనే తక్కువ కింద లెక్క.

డాక్టర్ దగ్గరికి వెళ్లడం, రక్తపరీక్షలు ఒక్క పూటలో అయిపోయాయి. పరగడుపున 108. "అంతా బాగుంది కదమ్మా" అన్నారాయన. 58 సంగతి చెప్పాను. "డైట్ మీద ఉన్నవాళ్లకు లో అవదు. మీటరు తప్పు చూపించి ఉంటుంది." 100 లోపు మీటరు ఓ పదిహేను అటూ ఇటూ చూపించవచ్చన్నది నిజమే. కానీ చెమటలు పట్టింది మీటరుకు కాదు, నాకు.

అప్పుడు అడిగారు, ఇంట్లో ఎవరైనా షుగర్ మాత్రలు వాడుతున్నారా అని. మా వారు వాడుతున్నారని చెప్పాను. అంతే. నన్ను బయట కూర్చోమని మా అబ్బాయిని లోపలికి పిలిచారు. ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి, నలుగురి జీతాల లెక్కలు తప్పు లేకుండా రాసిన నేను గాజు తలుపు బయట చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే వాడు ఫ్రిజ్ మీదున్న వాళ్ల నాన్న షుగర్ మాత్రల (గ్లిమిపిరైడ్) స్ట్రిప్పులు తీసి, కొన్న తేదీ చూసి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టాడు. రెండు తక్కువ వచ్చాయి. "అమ్మా, పొరపాటున ఏమైనా..." అంటూనే నా హ్యాండ్‌బ్యాగు మంచం మీద కుమ్మరించాడు. బస్ పాసు, పిన్నీసులు, ఎప్పటిదో గుడి ప్రసాదం పొట్లం, అమృతాంజనం సీసా. డాక్టర్ గారు చూడమన్నారట. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. షుగర్ గురించి కాదు. తక్కువ వచ్చిన రెండు మాత్రలు మర్నాడు మా ఆయన చొక్కా జేబులో దొరికాయి, పెళ్లికి వెళ్తూ అందులో పెట్టుకున్నవి. క్షమాపణ మాత్రం ఎవరి జేబులోనూ దొరకలేదు.

నెల తర్వాత, మా ఆఫీసు పద్మక్క బలవంతం మీద, వేరే ఆసుపత్రిలో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్లాను. ఆవిడా మాత్రల సంగతి అడిగారు, కానీ నన్నే అడిగారు. తర్వాత ఇంకో ప్రశ్న: "ఏం తిన్న ఎన్ని గంటలకు?" ఆలోచిస్తే మూడుసార్లూ నాలుగు ఇడ్లీలో, ఉప్మానో తిన్న మూడు, మూడున్నర గంటలకే. షుగర్ మొదటి దశల్లో కొందరికి, రక్తంలో చక్కెరను దించే ఇన్సులిన్ ఆలస్యంగా వస్తుందట. వచ్చేటప్పుడు మోతాదు మించి వస్తుంది. అప్పటికి ఇడ్లీ అరిగిపోయి ఉంటుంది, ఇన్సులిన్ మాత్రం పని చేస్తూనే ఉంటుంది. ఏ1సీ మూడు నెలల సగటు కాబట్టి ఈ పల్లం అందులో కనబడదు.

నేను రోజూ తినే టిఫినే పెట్టి, అరగంటకోసారి రక్తం తీస్తూ అయిదు గంటలు కూర్చోబెట్టారు. తిన్న గంటకు 214, మూడు గంటలకు 79, మూడున్నరకు 53. చెమటలు, వణుకు, అన్నీ నర్సు కళ్ల ముందే వచ్చాయి. గ్లూకోజ్ నీళ్లు తాగగానే తగ్గాయి. లక్షణాలు, ల్యాబు అంకె, తీపి పడగానే తేరుకోవడం, మూడూ కుదిరితేనే ఖాయం చేస్తారట. కుదిరాయి. ఆ కాగితం మా అబ్బాయి చేతికి నేనే ఇచ్చాను.

ఇప్పుడు రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, పల్లీ పచ్చడి. పదకొండింటికి గుప్పెడు శనగలు. వణుకు మొదలైతే నీళ్లలో మూడు చెంచాల చక్కెర, పావుగంట ఆగి మళ్లీ మీటరు. చాక్లెట్టు నమ్ముకోకండి, అందులోని కొవ్వు వల్ల చక్కెర త్వరగా ఎక్కదు. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లండి, లేదా మీ మాట నమ్మేవాళ్లతో వెళ్లండి. ఏ పూట ఏం తిన్నారో, ఎన్ని గంటలకు ఎలా ఉందో రాసి తీసుకెళ్లండి. ఆ చీటీ మొదటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఉంటే ఆయన చదివేవారని మాత్రం నేను హామీ ఇవ్వను.

హ్యాండ్‌బ్యాగులో ఇప్పుడు గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. ఆ రోజు మంచం మీద నుంచి దొర్లిపోయిన అమృతాంజనం సీసా ఇంకా దొరకలేదు. వెతికి పెడతానని మా అబ్బాయి రెండుసార్లు అన్నాడు.